పాత కంప్యూటర్ పవర్ సప్లైతో 12 వోల్టుల ఫ్యాన్: ముందు ఇవి చూసుకోండి

దుబాయ్ క్యాంపు రూముల్లో కింది మంచం మీద పడుకునే అన్నలకు ఏసీ గాలి సరిగా తగలదు. అందుకే కొందరు కార్లలో పెట్టే 12 వోల్టుల చిన్న ఫ్యాన్‌ను పాత కంప్యూటర్ పవర్ సప్లైతో నడుపుతున్నారు. నడపొచ్చు, కానీ పద్ధతి తెలిసుండాలి.

మదర్‌బోర్డుకు వెళ్లే పెద్ద కనెక్టర్‌లో పసుపు వైరు 12 వోల్టులు, ఎరుపు 5, నలుపు మైనస్. కరెంటు ఇవ్వగానే అది ఆన్ కాదు. ఒక్కటే ఉండే ఆకుపచ్చ వైరును నలుపుతో కలిపితేనే నడుస్తుంది. కొన్ని పాత డబ్బాల్లో రంగులు వేరు, కాబట్టి ఫ్యాన్ కలిపేముందు మల్టీమీటర్‌తో చూడండి. పసుపు వైరుకు చిన్న ఫ్యూజ్ తప్పనిసరి. షార్ట్ అయితే సన్న వైరు మంటలు లేపుతుంది, రూములో అంతా పరుపులే.

వెనక 115/230 స్విచ్ ఉంటే 230 మీదే ఉంచాలి. 115 మీద పెట్టి ఇక్కడి కరెంటు ఇస్తే పేలుతుంది. మూడు పిన్నుల ప్లగ్గే వాడండి.

డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

ఇంకో మాట. కంపెనీ చెత్తలో కనబడిందని అడక్కుండా తెచ్చుకోవద్దు, దొంగతనం కేసు మీద పడొచ్చు. స్టోర్‌ వాళ్లతో కాగితం రాయించుకోండి. రూములో వాడేందుకు క్యాంప్ బాస్‌ను కూడా అడగండి. ఏసీ పాడైతే మాత్రం ఫ్యాన్‌తో సర్దుకోవద్దు తమ్ముళ్లూ, దాన్ని బాగుచేయించాల్సింది కంపెనీయే.