ఇరుసు నిలవాలంటే బేరింగు పీట నిలవాలి

కొల్లేటికోట చుట్టుపక్కల నేల నల్లబంక మన్ను. వాన పడితే చక్రం కూరుకుపోతుంది, ఎండ కాస్తే నేల నెర్రెలిస్తుంది. ఇలాంటి గట్లమీద మేత బస్తాలు మోయడానికి పాత ఇంజనుతో చిన్న బండి సొంతంగా కట్టుకోదలచినవారు ముందుగా ఆలోచించవలసింది ఇంజను గురించి కాదు, ఇరుసును పట్టి ఉంచే బేరింగు పీట గురించి. బండి బరువు, సరుకు బరువు, గుంతలో పడినప్పటి దెబ్బ చివరకు దిగేది దానిమీదికే. పీట పగిలితే చక్రం ఒరుగుతుంది. గట్టు పక్కన ఉన్నది చెరువు నీరు!

బంకమన్ను నేర్పిన పాఠం

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరంలో ఒక బట్టల మిల్లు కూడా బంక నేలమీదే ఉండేది. నేల కుంగినప్పుడల్లా పొడవాటి షాఫ్టులు వరస తప్పి బేరింగులు పాడయ్యేవి. ఆ మిల్లు ఇంజనీరు స్వెన్ వింగ్‌క్విస్ట్ 1907లో, షాఫ్టు కొంచెం వంగినా తానే సర్దుకునే బేరింగును రూపొందించాడు. ఎస్.కె.ఎఫ్. కంపెనీ పుట్టింది కూడా ఆ ఏడాదే. నేడు దుకాణాల్లో దొరికే పిల్లో బ్లాకుల్లోనూ ఈ సర్దుబాటు ఉంది. అయితే అది కొద్దిపాటి తేడాకే పనికివస్తుంది. కొనేటప్పుడు నంబరు చూడాలి. యుసిపి 206 అంటే చివరి రెండంకెలను 5తో హెచ్చించండి: 30 మిల్లీమీటర్ల షాఫ్టుకు సరిపోతుంది.

పీట కట్టే పద్ధతి

బ్లాకును ఎటు బిగిస్తున్నామన్నది ముఖ్యం. ఇరుసు నుంచి వచ్చే ఒత్తిడి బ్లాకును ఛాసిస్‌కు అదమాలి, బోల్టులను లాగకూడదు. పోతఇనుము బ్లాకు లాగుడుకు, పక్క దెబ్బకు పగులుతుంది. కాబట్టి వెనుక మందపాటి ఉక్కు రేకు, పక్కన ఆసరా పలకలు తప్పనిసరి.

దళసరి గొట్టంతో గూడు సొంతంగా చేసుకునేవారు ముందు వెల్డింగు ముగించి, ఆ తర్వాతే లేతుమీద లోపలి కొలత తీయించాలి. వేడికి ఇనుము వంకరపోతుంది గనుక ముందే తీసిన కొలత నిలవదు. రెండు పీటల గుండా ఒకే తిన్నని కడ్డీ దూర్చి, నాలుగు వైపులా చిన్న అతుకులు వేసి, కడ్డీ చేత్తో తేలికగా తిరుగుతోందో లేదో చూడాలి. తర్వాత ఎదురెదురు వైపుల నుంచి కొంచెం కొంచెంగా వెల్డింగు పూర్తి చేయాలి. బేరింగు లోపల ఉండగా వెల్డింగు చేయకూడదు. కరెంటు దాని గుండా పోతే గుండ్లు, దారులు గుంటలు పడతాయి. బేరింగును షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి వలయాన్నే కొట్టాలి. బయటి వలయాన్ని కొడితే దెబ్బ గుండ్లమీద పడుతుంది.

నీరే శత్రువు

బరువు కన్నా ముందు బేరింగును తినేది బురదనీరు. మంచి ఆయిల్ సీలు, గ్రీజు నిపుల్ పెట్టాలి. నీళ్ళలో నడిపిన రోజు సాయంత్రమే, మురికి గ్రీజు పోయి కొత్తది కనిపించేవరకు కొట్టాలి. వారానికోసారి చక్రం లేపి ఊపి చూడాలి. ఆట కనిపించినా, గరగర వినిపించినా బండి ఆపవలసిందే.

ఇలాంటి బండి పొలానికి, గట్టుకే పరిమితం. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కడం 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. దానిమీద పిల్లలను ఎక్కించుకోవద్దు.

మన ఇళ్ళలో లేతు, వెల్డింగు పనులతో బతికేవారు తక్కువేమీ కాదు. షెడ్డులో పని నేర్చుకునే కుర్రవాడికి ఉస్తాద్ మొదట చెప్పవలసింది ఒక్కటే: అతుకు బయటికి నున్నగా కనిపించడం గొప్ప కాదు. దానిమీద బండి నడిపేవాడు సాయంత్రం ఇల్లు చేరాలి.