బొమ్మ చెప్పని కథ

రోజీ అనే కోడిపెట్ట పెరట్లో షికారుకి బయల్దేరుతుంది. వెనకాలే ఒక నక్క. అది దూకబోయిన ప్రతిసారీ ఏదో ఒక ముప్పు వచ్చిపడుతుంది. దంతె మీద కాలేస్తే కర్ర లేచి మొహం పగలగొడుతుంది. తర్వాత నీళ్ళలో పడుతుంది, గడ్డిలో కూరుకుపోతుంది, నెత్తిన పిండి కుమ్మరించుకుంటుంది, ఆఖరికి తేనెటీగలు తరిమితే పరుగో పరుగు. రోజీ మాత్రం వెనక్కి తిరిగైనా చూడకుండా తిండివేళకి గూటికి చేరుతుంది.

బ్రిటిష్ చిత్రకారిణి పాట్ హచిన్స్ 1968లో తెచ్చిన ‘రోజీస్ వాక్’ ఇది. ఇంగ్లిషులో మొత్తం 32 మాటలు, అదీ ఒకే వాక్యం. అందులో నక్క ఊసే లేదు. ఉన్నదంతా బొమ్మల్లోనే. అక్షరాలు రాని పిల్లకి తెలిసిపోయిన సంగతి, చదివి వినిపిస్తున్న టీచరుకి తెలియనట్టే ఉంటుంది. పిల్లలు ఉండబట్టలేక “టీచర్, వెనకాల నక్క!” అని అరిచేది అందుకే.

రాత మొదలెట్టించాల్సింది ఆ అరుపు దగ్గరే. మన బడుల్లో బొమ్మకీ రాతకీ ఉన్న చుట్టరికం చాలావరకు “బొమ్మ చూసి ఐదు వాక్యాలు రాయండి” దగ్గరే ఆగిపోతోంది. ఇది చెట్టు. చెట్టు మీద పక్షి ఉంది. కంటికి కనిపిస్తున్నదాన్నే మళ్ళీ చెప్పమంటే పిల్లలు మాత్రం ఏం రాస్తారు? బొమ్మ దాచిపెట్టిందేమిటో అడగాలి.

రోజీ కథ అయ్యాక నక్క చేత సెలవు చీటీ రాయించి చూడండి. మూడో తరగతి పిల్లలకి ఆ ఒరవడి కంఠతా వచ్చు. “అయ్యా, దంతె తగిలి ముక్కు వాచినందువలన, కళ్ళల్లో పిండి పడినందువలన, తేనెటీగలు కుట్టినందువలన నాకు మూడు రోజులు సెలవు ఇప్పించగలరని...” ఇంతకీ చీటీ ఎవరికివ్వాలి? నక్కకి పైఅధికారి ఎవరు? అడవిలో సింహమా, ఇంట్లో ఆకలితో ఎదురుచూస్తున్న పెళ్ళామా? ఆ వాదన తేలేసరికి సగం కథ తయారవుతుంది.

ఉత్తరాల దారిలో ఇంకో మంచి పుస్తకం ‘ద డే ద క్రేయాన్స్ క్విట్’. డ్రూ డేవాల్ట్ రాయగా ఆలివర్ జెఫర్స్ బొమ్మలేశారు, 2013లో వచ్చింది. క్రేయాన్లు తమ యజమాని కుర్రాడికి ఫిర్యాదులు రాస్తాయి. మన క్లాసులో అయితే సుద్దముక్క రాస్తుంది, రోజూ తప్పిపోయే రబ్బరు రాస్తుంది.

ఇక చిత్రకారుడు క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ 1984లో తెచ్చిన బొమ్మల పుస్తకం మరీ గడుసుది. హారిస్ బర్డిక్ అనే ఆయన ఒక ప్రచురణకర్తకి 14 బొమ్మలిచ్చి, కథలు రేపు తెస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదట. నిజానికి బర్డిక్ అనేవాడే లేడు, అంతా వాన్ ఆల్స్‌బర్గ్ కల్పన. ఒక్కో బొమ్మకి ఒక పేరూ చిన్న వ్యాఖ్యా, అంతే. ఒక బొమ్మలో తివాచీ కింద ఏదో ఉబ్బెత్తుగా ఉంటుంది, ఒకాయన దాన్ని కొట్టడానికి కుర్చీ ఎత్తి నిలబడి ఉంటాడు. స్టీఫెన్ కింగ్ అంతటి రచయితే ఊరుకోలేక ఇందులోని ఒక బొమ్మకి కథ రాశాడు.

ఆ తివాచీ బొమ్మ చూపించగానే రాయమనకూడదు. ముందు ప్రశ్నలు అడగనివ్వాలి. కింద ఉన్నది ఎలుకా, బంతా? కర్ర ఉండగా కుర్చీ ఎందుకు? పక్కగదిలో ఎవరున్నారు? అన్నీ బోర్డు మీద రాసి, ఎవరికి నచ్చింది వాళ్ళని తీసుకోమనాలి. కథంతా అక్కర్లేదు. కుర్చీ ఎత్తకముందు ఒక వాక్యం, దించాక ఒక వాక్యం చాలు. మనవాళ్ళకిది పూర్తిగా కొత్త సంగతేం కాదు. చందమామ ఫొటో వ్యాఖ్యల పోటీలో రెండు ఫొటోలకి జత కుదిరే చిన్న వ్యాఖ్యలు పంపడానికి పాఠకులు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు.

మాటల్లేని పుస్తకాలు చేతికొస్తే వదలొద్దు. తూలిక వాళ్ళు వేసిన ప్రియా కురియన్ ‘అమ్మాచీస్ గ్లాసెస్’లో కళ్ళజోడు పోగొట్టుకున్న అమ్మమ్మ ఇల్లంతా గందరగోళం చేస్తుంది. ఆమె నోట మాటలు పెట్టమంటే శ్రీకాకుళం పిల్ల తన అమ్మమ్మలా మాట్లాడిస్తుంది, కరీంనగర్ పిల్లాడు తన అమ్మమ్మలా. వాటిని వాచకం భాషలోకి దిద్దితే అమ్మమ్మ కాస్తా పాఠం చెప్పే పంతులమ్మ అయిపోతుంది. అక్షరదోషాల సంగతి వారం ఆగి చూసుకోవచ్చు. అన్నట్టు, చివర నీతి రాయమని అడగొద్దు. నక్క కథకి నీతేమిటి, దంతెలు దారిలో పడెయ్యకూడదనా?

పుస్తకాలు కొనలేని బడికి స్టోరీవీవర్ ఉంది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలెట్టిన ఈ వేదికలో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, అచ్చు వేసుకోవచ్చు.

ఆఖరున పుస్తకం కుట్టించాలి. కుట్టడమంటే ఊరికే అన్నాను, దారం అక్కర్లేదు. ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడిచి విప్పి, మధ్యలో ఒక గాటు పెట్టి మళ్ళీ మడిస్తే ఎనిమిది పేజీల బుల్లి పుస్తకం. అట్టలు పోగా ఆరు పేజీలు. అప్పుడు పిల్లలకి అసలు చిక్కు ఎదురవుతుంది: కథలో దొంగ దొరికే సంగతి ఈ పేజీలోనే చెప్పెయ్యాలా, పేజీ తిప్పేదాకా దాచాలా? వ్యాకరణం పాఠాల్లో దొరకని విద్య అది. తయారైన పుస్తకాల్ని టీచరు బల్ల సొరుగులో పడెయ్యకండి. బడి లైబ్రరీ రిజిస్టర్లో నంబరు వేసి, రచయిత పేరు గడిలో మూడో తరగతి పిల్ల పేరు రాసి, రెండో తరగతి వాళ్ళకి ఇంటికి ఇవ్వండి. చిరిగితే ఇంకో కాపీ రాసుకుంటారు.