మూతపడిన మిల్లుకు మళ్లీ తలుపులు: ఒక విద్యార్థిని గీసిన ప్లాను

ముంబయిలోని పాత తెలుగు కుటుంబాల్లో మిల్లు ముచ్చట లేని ఇల్లు తక్కువ. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన మన పద్మశాలీలు ఎందరో ఇక్కడి మిల్లుల్లో మగ్గాలు నడిపారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది పని మానేశారు. ఆ తర్వాత చాలా మిల్లులు కోలుకోలేదు.

అలా మూతపడిన ఒక మిల్లును మా బంధువుల అమ్మాయి తన థీసిస్‌కు ఎంచుకుంది. ఆర్కిటెక్చర్ అయిదేళ్ల చదువులో చివరి ఏడాది ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక డిజైన్ చేసి జ్యూరీ ముందు నిలబడాలి. ఈ ప్లాన్లు ఎక్కువ శాతం కాగితం మీదే ఉండిపోతాయి. అయినా పాడుబడ్డ భవనాన్ని మళ్లీ వాడుకలోకి తేవడమంటే ఏం చేస్తారో వీటిలో తెలుస్తుంది.

మొదటి పని గీయడం కాదు, కొలవడం. ఏ స్తంభం నిలబడగలదు, ఏ దూలం తుప్పు పట్టింది, ఏ గోడలో రావి వేళ్లు దిగాయి అన్నీ రాసుకోవాలి. అప్పుడే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేలుతుంది. ఈ అమ్మాయి ఉంచాలని పట్టుబట్టింది నేత షెడ్డును. నూలు వడికే విభాగం అంతస్తుల మీద ఉండొచ్చు గానీ, మగ్గాల అదురుకు పై అంతస్తులు ఆగవు. అందుకే నేత షెడ్డు ఎక్కువగా నేల మీదే ఉంటుంది. దాని కప్పు రంపం పళ్లలా ఉంటుంది. ఆ పళ్లలో నిట్టనిలువుగా ఉండే వైపు అద్దాలు బిగించి ఉత్తరానికి తిప్పుతారు. మన దేశంలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ దక్షిణం వైపు నుంచి పడుతుంది కాబట్టి, ఉత్తరం నుంచి నీడలు పడని చల్లటి వెలుతురు లోపలికి వస్తుంది. దారం తెగితే కంటికి కనబడాలి కదా. అదే వెలుతురు చదువుకునే గదికీ, కుట్టుపనికీ సరిపోతుందని ఆమె వాదన. పగలు దీపాలు వేసే పని తక్కువ.

మిల్లు చెరువు ఆవిరి యంత్రాలకు నీళ్ల కోసం తవ్వింది. 1915లో ఖోపోలీ నుంచి టాటా వారి జలవిద్యుత్తు రావడం మొదలయ్యాక మిల్లులు ఒక్కొక్కటిగా కరెంటుకు మారాయి, పొగగొట్టాలకు పని తగ్గింది. ఫీనిక్స్ మిల్లు పొగగొట్టం ఇప్పటికీ షాపింగ్ మాల్ నడుమ నిలబడి ఉంది. దాన్ని చూసి ఫోటోలు దిగేవాళ్లలో ఎందరికి అది దేని కోసమో తెలుసో!

ఇంతకూ ఈ జాగాలు ఎవరివి? 1991 నిబంధన ప్రకారం మిల్లు భూమిని అభివృద్ధి చేస్తే మూడో వంతు యజమానికి, మూడో వంతు నగరంలో ఖాళీ స్థలాలకు, మూడో వంతు మ్హాడా ఇళ్లకు అనుకున్నారు. 2001లో దాన్ని మార్చి, అప్పటికే ఖాళీగా ఉన్న జాగాకే ఆ పంపకం అన్నారు. భవనం కింద ఉన్న నేల, భవనం కూల్చినా సరే, లెక్కలోకి రాలేదు. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. కార్మికుల ఇళ్లకు మిగిలిన జాగా అందుకే చిన్నదైంది. కాలాచౌకీలోని ఇండియా యునైటెడ్ మిల్లులో నగరపాలిక వస్త్ర మ్యూజియం చేపట్టడం లాంటివి వేళ్ల మీద లెక్కబెట్టదగ్గవే.

మ్యూజియం మాట వినగానే అమ్మాయి తాతకు కోపం వచ్చింది. ఆయన మిల్లులో నేతపని చేసిన మనిషి. "గోడలు చూసుడు కాదు బిడ్డా, ఆ గోడల నడుమ ఎంతమందికి పని దొరుకుతదో చెప్పు" అన్నాడట. నాకైతే ఆ ఒక్క మాటతోనే ప్లాను బాగుపడిందనిపిస్తుంది. మొదట షెడ్డు మొత్తం ప్రదర్శనశాలగా గీసింది. తర్వాత మార్చి, సగంలో ఆడవాళ్ల కుట్టు, నేత పనిగదులు, ఒక పక్క ఖానావళి పెట్టింది. కుటుంబాలను ఊళ్లో వదిలి వచ్చిన కార్మికులకు అన్నం వండిపెట్టినవి ఆ ఖానావళులే. ప్రదర్శనకు మిగిలింది బాయిలర్ గది మాత్రమే. తెలుగు, మరాఠీ పుస్తకాల గది చెరువు ఒడ్డుకు చేరింది.

జ్యూరీ గట్టిగా పట్టుకున్నది మెట్ల దగ్గర. 2017 డిసెంబరు 29 తెల్లవారకముందే కమలా మిల్స్ ఆవరణలో మేడ మీది హోటళ్లలో మంటలు లేచి 14 మంది పోయారు. పాత మిల్లులో కొత్త వాడకం పెడితే జనం బయటపడే దారులు కొత్తగా లెక్కవేయాలి. షిఫ్టు మారేటప్పుడు వరుసగా వెళ్లిన కార్మికులకు సరిపోయిన ఒక్క గేటు, పిల్లాపాపలతో వచ్చే జనానికి చాలదు. ఆమె గోడలో రెండు కొత్త ద్వారాలు కోసింది, ఫైరింజన్ తిరిగేంత దారి వదిలింది. అందుకోసం పాత గిడ్డంగి ఒకటి పోయింది. దాన్ని తీసేయడానికి మనసొప్పలేదట.

డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్నకు మాత్రం జవాబు సగమే ఉంది. పనిగదుల అద్దెతో నడక ఖర్చు వెళ్తుంది గానీ మరమ్మతు ఖర్చు రాదని ఆమే ఒప్పుకుంది. మార్కులు ఇంకా రాలేదు. తాత తన పాత గేటు పాసును స్కాన్ చేసుకోనిచ్చి, మళ్లీ ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు.