మంగంపేట ముగ్గురాయి, హ్యూస్టన్ ధర: కొన్ని అపోహలు, వాస్తవములు

పూర్వపు కడప జిల్లాలో ఓబులవారిపల్లెకు చేరువనున్న మంగంపేట గనులలో త్రవ్వి తీసెడి ముగ్గురాయి, అనగా బెరైటీస్, తూర్పుతీరపు రేవులలో ఓడలకెక్కి, మహాసముద్రములు దాటి, అమెరికాలోని టెక్సాస్, లూసియానా తీరములకు చేరి, అచటి మిల్లులలో పిండియై, తుదకు చమురుబావుల లోతులలోనికి దిగుచున్నది. శుద్ధరూపమున నీటికి నాలుగున్నర రెట్లు బరువుగల ఈ ఖనిజమును పొడిచేసి డ్రిల్లింగ్ బురదలో కలిపినచో, ఆ బురద బరువే బావి అడుగునుండి ఎగదన్ను వాయువును, చమురును అణచియుంచును. మెత్తని రాయి యగుటచే యంత్రముల నరగదీయదు, ఇతర పదార్థములతో సులభముగా రసాయనచర్య పొందదు, అయస్కాంతగుణము లేనందున బావిలోనికి దింపిన కొలత పరికరములను తికమకపెట్టదు. అమెరికాలో అమ్ముడగు బెరైటీస్‌లో నూటికి తొంబది పాళ్ళకు పైగా ఈ యొక్క పనికే పోవుచున్నది.

ఇంతటి ప్రయాణము చేసిన రాయి ధరను గూర్చి రాజంపేట టీ దుకాణములలో ఏ మాటలు వినవచ్చునో, హ్యూస్టన్ తెలుగువారి విందులలోను ఇంచుమించు ఆ మాటలే వినవచ్చుచున్నవి: అక్కడ కారుచౌకగా కొని ఇక్కడ ఇష్టము వచ్చిన ధరకు అమ్ముచున్నారనియు, నడుమనున్నవారు దోచుకొనుచున్నారనియు, పొడిచేసి పంపినచో మన సీమ దశ తిరుగుననియు. ఈ మాటలలో నిజము బొత్తిగా లేదనజాలము. కాని నిజమున్న చోటు వేఱు, జనులు చూపు చోటు వేఱు.

అపోహ: నేలలో ఊరక పడియున్న రాయికి త్రవ్వకపు కూలి తప్ప ఖర్చేమున్నది?

మంగంపేటది ఉపరితలపు గని. రాష్ట్ర ప్రభుత్వపు సంస్థయైన ఖనిజాభివృద్ధి సంస్థ దానిని నడుపుచున్నది. రాయి కంటబడుటకు పూర్వము దానిపైనున్న మన్నును, పనికిరాని బండను తొలగింపవలెను. ప్రేలుడు మందు, ఎక్స్‌కవేటర్లు, టిప్పర్లు, డీజిలు, వానకాలమున గుంటలో చేరు నీటిని తోడు మోటార్లు, తీసిన మన్ను పోయుటకు భూమి, ఇవన్నియు టన్ను ఖనిజము మీదనే పడును. లోతు పెరిగినకొలది తొలగింపవలసిన మన్ను పాలు సాధారణముగా పెరుగుచుండును గనుక, నేటి టన్నును పదేండ్ల క్రిందటి టన్ను ఖర్చుతో తూచుట చెల్లదు. పిదప రాయిని సాంద్రతను బట్టి శ్రేణులుగా విడదీసి వేర్వేరు గుట్టలుగా పోయుదురు. రాయల్టీ, జిల్లా ఖనిజ నిధి వంటి చెల్లింపులు వీనిపై చేరును. ఆ రాయల్టీని నిర్ణయించు అధికారి ఎవరన్నదియు స్థిరము కాదు: 2015 ఫిబ్రవరిలో కేంద్రము బెరైటీస్‌ను చిన్నతరహా ఖనిజముల పట్టికలో చేర్చి పెత్తనమును రాష్ట్రములకు వదలినది, 2025 ఫిబ్రవరిలో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకములతోపాటు దానిని మరల ప్రధాన ఖనిజముగా ప్రకటించినది.

అపోహ: ఎఫ్.ఓ.బి. ధర యన్నచో ఎల్లెడల ఒకే యర్థము.

ధర యనగా అంకె మాత్రమే కాదు. ఆ అంకె ఏ చోటిదో చెప్పనిదే దానికి అర్థము లేదు. అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో తొలిసారి వెలువరించి, సవరించుచు వచ్చిన ఇన్‌కోటర్మ్స్ నియమావళిలో, నేడు చెల్లుచున్న 2020 కూర్పు ప్రకారము, ఎఫ్.ఓ.బి. యనగా సరకును ఓడలోనికి చేర్చువఱకు గల ఖర్చును, నష్టభయమును అమ్మువాడు భరించుట. అటుపై ఓడకిరాయి, బీమా కొనువానివి. సి.ఎఫ్.ఆర్. అన్నచో ఓడకిరాయియు, సి.ఐ.ఎఫ్. అన్నచో కిరాయితో కూడ బీమాయు అమ్మువాని లెక్కలోనికి వచ్చును. అమెరికాలో ఈ మాటకు వేఱొక చరిత్ర కలదు. 1941లో సవరించిన అమెరికా విదేశవాణిజ్య నిర్వచనములలో ఎఫ్.ఓ.బి.కి ఆఱు విధముల యర్థములుండెను. నేటికిని ఆ దేశపు ఖనిజ గణాంకములలో గనివద్ద ఎఫ్.ఓ.బి. అనియు, మిల్లువద్ద ఎఫ్.ఓ.బి. అనియు వ్రాయుచునే యున్నారు.

గనివద్ద ఎఫ్.ఓ.బి. ధరలో రైలుకిరాయి సైతము చేరదు. కృష్ణపట్నము రేవునొద్ద ఎఫ్.ఓ.బి. ధరలోనన్ననో, గనినుండి రేవువఱకు గల రవాణా, రేవు రుసుములు, నిలువ, తూకము, నమూనా పరీక్ష, ఎత్తుడు కూలి అన్నియు నిమిడియుండును. ఓబులవారిపల్లె నుండి వెంకటాచలము వఱకు వెలికొండలను తొలిచి, 6.6 కిలోమీటర్ల సొరంగముతో వేసి, 2019లో ప్రారంభించిన సుమారు 113 కిలోమీటర్ల రైలుమార్గము ఆ రేవునకు దారిని దగ్గఱ చేసినది. ఇట్టి మార్గమొకటి ఏర్పడుటయు ఏర్పడకపోవుటయు గనిలోని పారకు సంబంధించిన విషయము కాకున్నను, ధరలో దాని జాడ తప్పక కనబడును. గనివద్ద ధరను, రేవువద్ద ధరను ప్రక్కప్రక్కన వ్రాసి, వాని వ్యత్యాసమునకు లాభమని పేరుపెట్టు వ్యాసములు పత్రికలలో అప్పుడప్పుడు కనబడుచున్నవి. వ్రాసినవారికి లెక్క రాక కాదు, ఓపిక లేక.

అపోహ: దగ్గఱి రాయి చౌక, దూరపు రాయి ప్రియము.

అమెరికాలో ముగ్గురాయి లేకపోలేదు. నెవాడా రాష్ట్రమున బాటిల్ మౌంటెన్, ఎల్కో పరిసరములలో దానిని చిరకాలముగా త్రవ్వుచున్నారు. 2018లోను, 2022లోను ఆ ప్రభుత్వము ప్రకటించిన కీలక ఖనిజముల పట్టికలలో బెరైటీస్ పేరున్నది. అనగా పరదేశముల మీద ఆధారపడుట ఆపదయని ఎఱిగియే యున్నారు. అట్లయినను గల్ఫ్ తీరపు మిల్లులు భారతదేశము నుండియు, చైనా, మొరాకోల నుండియు రాయి తెప్పించుకొనుట మానలేదు. కారణము నేలమీది దూరమునకును, నీటిమీది దూరమునకును వెల వేఱగుట. వేలకొలది టన్నుల రాయిని ఒక్క పొట్టలో నింపుకొని పోవు ఓడకు టన్నుకు, మైలుకు పడు ఖర్చు మిక్కిలి స్వల్పము. ఎడారిలోని గనినుండి వేయిమైళ్ళకు మించిన దూరము రైలుమీద సాగవలసిన రాయికి ఆ సౌకర్యము లేదు. కనుక స్వదేశపు రాయి హ్యూస్టన్ చేరునప్పటికి రాయలసీమ రాయితో పోటీపడలేకపోవుట తఱచు. నెవాడా రాయికి పడమటి రాష్ట్రముల చమురుక్షేత్రములే ముఖ్యమైన సంత.

అయితే ఓడకిరాయి టన్నుకింతయని శిలాశాసనము వలె నిలిచియుండునది కాదు. బెరైటీస్ అతి భారమగు సరకు. ఓడ గదులు సగము ఖాళీగా కనబడుచుండగనే ఓడ తన నీటిగుర్తు వఱకు మునిగిపోవును గనుక, రేవుల లోతు ఇచట ముఖ్యమగును. 1914లో ప్రారంభించిన హ్యూస్టన్ ఓడకాలువ ప్రధానభాగము లోతు 45 అడుగుల ప్రాంతమే. ఒప్పందములో వ్రాసికొన్న గడువులోపల సరకు ఎత్తుటయో దింపుటయో ముగియనిచో డెమరేజి, అనగా ఆలస్యపు రుసుము, పడును; తుపాను వచ్చినను, క్రేను చెడినను, ఒప్పందములో మినహాయింపు వ్రాసికొననిచో, ఆ గడియారము ఆగదు. 2023 చివరనుండి ఎఱ్ఱసముద్రమున ఓడలపై దాడులు జరుగగా, అనేక నౌకలు సూయజ్ మార్గమును విడిచి గుడ్ హోప్ అగ్రమును చుట్టి పోయినవి; కాలువ రుసుము మిగిలెను గాని, దినములును ఇంధనమును వ్యయమైనవి. సరకు నీటిమీదనున్నన్నాళ్ళు దానిలో పెట్టిన సొమ్మునకు వడ్డీ పెరుగుచుండును. రూపాయికిని డాలరుకును నడుమగల మారకపు రేటు ఈ లోపల ఎటు తిరుగునో ఎవ్వరును చెప్పజాలరు.

అపోహ: ఇక్కడి ధరకును అక్కడి ధరకును గల తేడా యంతయు దళారుల జేబులోనిదే.

దళారులు లేరనుట అమాయకత్వము. కాని వారి భాగమును లెక్కించుటకు సుంకపు గణాంకములను నమ్ముకొనువారు ఒక చిక్కును గమనింపరు. భారతదేశము దిగుమతుల విలువను ఓడకిరాయి, బీమాలతో కలిపి కట్టును. అమెరికా అట్లు కట్టదు, ఆ దేశపు సుంకపు విలువలో అంతర్జాతీయ కిరాయియు బీమాయు చేరవు. అందుచే అమెరికా పట్టికలోని విలువ హ్యూస్టన్ రేవున దిగిన రాయి ధర కానేకాదు. రాయి బయలుదేఱిన రేవునొద్ది విలువకే అది చేరువగా నుండును. మిల్లునుండి వెలువడిన పిండి ధరతో దానిని పోల్చినచో, సముద్రమంతయు, మిల్లంతయు లాభముగా తేలును.

అపోహ: అమెరికావారి సుంకమే మనలను పొడి అమ్మనీయకున్నది.

ఇది విచిత్రమైన అపోహ, ఏలయన సత్యము దీనికి సరిగా వ్యతిరేకము. అమెరికా సుంకపు పట్టికలో ముడిరాయిపై సాధారణ రేటు టన్నుకు ఒకటింబావు డాలరు; పిండిచేసిన బెరైటీస్‌పై ఏమియు లేదు. దిగుమతి సరకు విలువపై రేవుల నిర్వహణకై వసూలు చేయు రుసుము నూటికి 0.125 వంతు మాత్రమే. అధ్యక్షుని ఉత్తర్వులతో వచ్చిపోవు అదనపు సుంకములు వేఱు సంగతి. వానినిబట్టి ఎవరును మిల్లు కట్టరు. మఱి మంగంపేట చుట్టుప్రక్కల పల్వరైజింగ్ మిల్లులు అన్ని యుండగా గల్ఫ్ తీరమునకు ముడిరాయియే ఏల పోవలెను?

రాళ్ళను గ్రాబు క్రేనుతో ఎత్తి ఓడలో కుమ్మరింపవచ్చును. వాన పడినను పెద్ద నష్టము లేదు. పిండికి సంచి కావలెను, పొడినేల కావలెను, ఎత్తుటకు దింపుటకు వేఱు కూలి కావలెను, తేమ తగిలినచో గడ్డకట్టును. కంటైనరులో పంపుదమన్నచో, ఇరువది అడుగుల పెట్టెలో మూడవవంతునకు అటునిటుగా నిండునప్పటికే బరువు పరిమితి వచ్చిపడును. మిగిలిన ఖాళీకిని కిరాయి కట్టవలసినదే. పైగా చమురు సంస్థకు కావలసినది సంచి కాదు, రిగ్గునొద్దకు తగినవేళకు గాలియొత్తిడి ట్యాంకరులో వచ్చు పిండి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణము ప్రకారము 75 మైక్రానులకు మించిన రేణువులు నూటికి మూడు పాళ్ళు దాటరాదు, 6 మైక్రానులకు లోబడినవి ముప్పది పాళ్ళు దాటరాదు. దేశదేశముల రాళ్ళను కలిపి ఆ కొలతకు తెచ్చు పని గిరాకీ ప్రక్కననున్న మిల్లునకే సులభము. పొడి అమ్మకమున మనకు లాభమే లేదని నా భావము కాదు. రంగులకు, రబ్బరునకు వాడు తెల్లని శ్రేణులలో అది వేఱు కథ. చమురుబావుల శ్రేణిలో మాత్రము అడ్డునిలిచినది సుంకము కాదు, సంచి.

అపోహ: ఖర్చులన్నియు కూడి, పైన కొంత లాభము వేసినచో ధర వచ్చును.

అన్నింటిలోను బలమైన అపోహ యిదే; చదువుకొన్నవారిలోనే ఎక్కువ. వాస్తవమున లెక్క హ్యూస్టన్‌నుండి వెనుకకు నడచును. అంకెలు ఊహకొఱకే యనుకొనుడు: గల్ఫ్ రేవున టన్ను ముడిరాయికి మిల్లు ఇయ్యగల ధర 130 డాలర్లు, దింపుడు, పరీక్షలు మొదలగునవి 10, ఓడకిరాయి 50, రేవు, రైలు 20 పోగా గనివద్ద మిగులునది 50. కిరాయి మఱి ఇరువది డాలర్లు పెరిగి, మిల్లు ధర కదలనిచో, గనివద్ద మిగులునది 30. ఓడకిరాయి ఎంత పెరిగెనో, ఆ భారమంతయు మంగంపేట గుంటలోనికి జారిపడును. కిరాయి తగ్గినప్పుడు అదే దారిని లాభమును పైకెక్కును. వేలములో పాడు ఎగుమతిదారుడు త్రవ్వకపు ఖర్చు నడుగడు. తనకు మిగులునది చూచుకొని పాట పాడును. త్రవ్వకపు ఖర్చునకు మించి గనికి దక్కునదానిని ఆర్థికశాస్త్రజ్ఞుడు రికార్డో 1817లోనే భూమి విషయమున విడమర్చి చెప్పియున్నాడు.

హ్యూస్టన్ ధరయు తనంతట తానై నిలువదు. 2014 వేసవిలో పీపా నూఱు డాలర్లకు పైనున్న ముడిచమురు 2016 ఆరంభమున ముప్పదికి దిగువకు జారగా, 2014 చివర 1,900 దాటియుండిన అమెరికా డ్రిల్లింగ్ రిగ్గుల సంఖ్య 2016 మే నాటికి నాలుగువందల ప్రాంతమునకు పడిపోయినది. రిగ్గు ఆగిన చోట బురదతో పనిలేదు, బురద లేనిచో ముగ్గురాయితో పనిలేదు. ఆ రెండేండ్లలో మంగంపేట మన్ను తేలిక కాలేదు. ధర మితిమీరి పెరుగుటకును హద్దు కలదు: హెమటైట్, ఇల్మెనైట్ వంటి బరువు ఖనిజములు బదులుగా నిలువబడియున్నవి.

పన్నులు తగ్గించినచో ఎగుమతులు పెరుగునన్న వాదమును ఈ వెలుగున చూడవలెను. అమెరికా రాజ్యాంగము మొదటి అధికరణము తొమ్మిదవ విభాగము ఎగుమతులపై పన్నునే నిషేధించినది. ఆ నిబంధన కారణముగనే 1998లో సుప్రీం కోర్టు రేవుల నిర్వహణ రుసుమును ఎగుమతులనుండి తొలగించినది. వయోమింగ్ రాష్ట్రపు గ్రీన్ రివర్ లోయలో ట్రోనా అను ఖనిజమునుండి తీయు సోడాయాష్ విషయమున 2006లో కాంగ్రెసు మఱొక యడుగు ముందునకు వేసి, ఐదేండ్లపాటు కేంద్రభూములలోని రాయల్టీని నూటికి రెండుకు తగ్గించినది. గడువు తీరిన పిదప ఆ దేశపు అంతర్గత వ్యవహారముల శాఖ సమీక్షించి, తగ్గింపువలన ఉద్యోగములు గాని, ఎగుమతులు గాని చెప్పుకోదగినంత పెరిగినట్లు కనబడలేదని తేల్చినది. రాయల్టీ గనివద్ద మిగులు సొమ్ములోని భాగము. దానిని తగ్గించినచో సొమ్ము చేయి మారును, ఆవలితీరపు ధర మాఱవలెనని లేదు.

మంగంపేటకు వచ్చినచో, ఖర్చుతో నిమిత్తము లేక ధర మారుటకు 2010వ సంవత్సరమునకు మించిన నిదర్శనము లేదు. అంతకు పూర్వము పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణము 4.2 సాంద్రతను కోరెడిది. మేలురాయి ప్రపంచమున తఱిగిపోవుచుండుటచే ఆ సంవత్సరము 4.1 సాంద్రతగల రెండవ శ్రేణినిగూడ ప్రమాణములోనికి చేర్చిరి. అంతవఱకు ప్రమాణమునకు చాలని రాయి అని ప్రక్కన పెట్టిన గుట్టలకు, ఒక్క పార కదలకుండగనే, కొనువారు కలిగిరి.