గృహ అక్వేరియంలో పగడాలు – నాచు విజృంభణ: కారణాలు, నివారణ

పగడాలను పెంచే గృహ అక్వేరియంలో రాళ్ళపై పచ్చని నూలుపోగుల వంటి నాచు విజృంభించడం తరచుగా ఎదురయ్యే సమస్య. నైట్రేట్, ఫాస్ఫేట్ వంటి పోషకాల ఆధిక్యం ఒక కారణం. నాచును మేసే జీవుల కొరత మరొకటి.

రెండవ కారణానికి కరీబియన్ సముద్రమే నిదర్శనం. అక్కడ నాచును మేసే డయాడెమా సముద్రపు ముళ్ళజీవులు 1983-84లో వ్యాధి సోకి 90 శాతానికి పైగా నశించాయి. తుపానులు, మితిమీరిన చేపల వేట కూడా తోడవడంతో జమైకా తీరంలో 1977లో 52 శాతంగా ఉన్న పగడాల విస్తీర్ణం 1990ల తొలినాళ్ళకు 3 శాతానికి క్షీణించింది. ఆ స్థానాన్ని నాచు ఆక్రమించింది.

పరీక్షలో ఫాస్ఫేట్ శూన్యంగా కనిపించినా పోషకాలు లేవని నిర్ణయించరాదు. నాచు వాటిని అప్పటికే గ్రహించి ఉండవచ్చు. రసాయనాలతో ఒక్కసారిగా చంపితే కుళ్ళే నాచు నీటిలోని ఆక్సిజన్‌ను హరించి, పోషకాలను తిరిగి నీటిలోకే విడుస్తుంది. అందువల్ల మొదట నాచును చేతితో పెరికి వెలుపలికి తీయాలి. అనంతరం చేపల ఆహారాన్ని తగ్గించి, శుద్ధజలంతో చేసిన ఉప్పునీటిని క్రమంగా మార్చుతూ, నాచును మేసే నత్తలను చేర్చాలి. అయితే పోషకాలను పూర్తిగా తొలగించరాదు. ఆ స్థితిలో పగడాలు క్షీణిస్తాయి. డైనోఫ్లాజెల్లేట్లు ప్రబలే అవకాశమూ ఉంది.