మూడు రోజుల లంక

కోనసీమలో గునపం పట్టి గొయ్యి తవ్వబోతే నిలువు లోతు దిగకముందే ఊట పలకరిస్తుంది. కొబ్బరి తోట వేసినవాడికి అది వరం, ఆస్పత్రి నడిపేవాడికి తలనొప్పి. ఎందుకో చెప్పాలంటే 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల్లో ఒక మూలకు వెళ్లాలి.

కాన్పులో పడిన మాయ, రక్తం ఓడిన దూది, కోసి తీసిన కండ పసుపు సంచీలోకి వెళతాయి. వాటిని లారీ వచ్చి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పట్టుకుపోతుంది. లారీ అందని మారుమూల ఊళ్లకు మాత్రం నిబంధనలు ఒక వెసులుబాటు ఇచ్చాయి. రెండు మీటర్ల లోతు గొయ్యి తవ్వి, సగం వరకు నింపి, సున్నం పోసి, మట్టి కప్పుకోవచ్చు. అయితే గొయ్యి అడుగు నుంచి కనీసం 6 మీటర్లు కిందికి దిగితే గాని భూగర్భజలం తగలకూడదు. ఆ చోటికి ముంపు భయం కూడా ఉండకూడదు. అంటే నేలమట్టం నుంచి ఎనిమిది మీటర్ల వరకూ నీటి చెమ్మ తగలరాదన్నమాట. అల్లవరంలో, కాట్రేనికోనలో, సఖినేటిపల్లిలో ఈ రెండు షరతులకూ నిలబడే ఒక్క సెంటు నేల వెతికి చూపించండి చూద్దాం!

మెట్ట ప్రాంతానికి చక్కగా అతికే రూలు ఇక్కడ నీళ్లలో కలిసిపోయింది. కాబట్టి గొయ్యి లేదు, లారీయే గతి. లారీ రావాలంటే రోడ్డు ఉండాలి. శుద్ధి చేయని వ్యర్థాన్ని 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదని అవే నిబంధనలు అంటున్నాయి. కాజ్‌వే మీద నాలుగు రోజులు వరద పారితే ఆ సంచీలు ఎక్కడ పెట్టాలి? వాతావరణ మార్పుకు తట్టుకునే ఆస్పత్రి అనే పెద్ద మాట నాకు ఈ చిన్న ప్రశ్న దగ్గరే అర్థమవడం మొదలైంది.

ఆస్పత్రి గోడ కూలడం చాలా అరుదు. దానికి బయటినుంచి వచ్చే నాలుగు దారాలు తెగితే చాలు, గోడలు నిలిచే ఉన్నా ఆస్పత్రి మూతపడుతుంది: కరెంటు తీగ, నీళ్ల గొట్టం, రోడ్డు, ఫోను. గౌతమికీ వసిష్ఠకూ నడుమ, వైనతేయ చీల్చిన నేల మీద, సముద్రం అంచున ఉన్న కోనసీమ అసలే ఒక పెద్ద లంక. రావులపాలెం, ఎదుర్లంక, దిండి వంతెనలు ఆ సంగతి మనచేత మరిపించాయి గాని గోదావరి మరిచిపోలేదు. అందుకే ఇక్కడ ఆస్పత్రిని పట్టణంలో ఒక భవనంలా కాకుండా లంకలో ఒక ఇల్లులా కట్టుకోవాలని నా వాదన. లంకవాసి ఇంట్లో అటక ఉంటుంది. వరద కబురు రాగానే బియ్యం, అగ్గిపెట్టె, పొడి పుల్లలు, పసిపిల్ల బట్టలు అటకెక్కుతాయి. మూడు నాలుగు రోజులు ఎవరూ రాకపోయినా ఆ ఇల్లు బతుకుతుంది. మన ఆరోగ్య కేంద్రాల్లో ఆ అటక ఏది?

తుపాను, వరద రెండూ మనవే అయినా వాటి గుణాలు వేరు. 1996 నవంబర్ 6న వచ్చిన తుపాను చిన్నది, కానీ చురుకైనది. కొద్ది గంటల్లో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసి, లక్షల కొబ్బరిచెట్లను మొదలంటా విరిచి వెళ్లిపోయింది. వరద అలా కాదు, ముందే కబురు పెట్టి వచ్చి తిష్ట వేసే చుట్టం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు దాటాయి. 2022 జూలైలో దాదాపు 26 లక్షలు. ఆ జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు చూసిన నీరు ఇక్కడికి చేరడానికి ఇంచుమించు ఒక రోజు తీసుకుంది. తుపానుకు గట్టి కప్పు, వరదకు ఎత్తయిన అరుగు కావాలి. రెండింటికీ కావలసింది అటక.

ముందు కరెంటు. 'కప్పు మీద సోలార్ పలకలు పరిచేస్తే సరి' అంటారు చాలామంది. సరి కాదు. మామూలుగా బిల్లు తగ్గించుకోవడానికి పెట్టించే సోలార్‌కు బయటి లైనులో కరెంటు ఉంటేనే ప్రాణం. లైను పోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ఇది లోపం కాదు. తెగిన తీగను అతికించడానికి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన కప్పు మీది కరెంటు ఎదురొచ్చి తగలకూడదు కదా. తుపాను మర్నాడు ఎండ కాస్తున్నా, పలకలు చెక్కుచెదరకున్నా, కాన్పు గదిలో మాత్రం చీకటే. బయటి లైనుతో తెగతెంపులు చేసుకుని లోపలి దీపాల వరకు వెలిగించుకునే ఇన్వర్టర్, బ్యాటరీ విడిగా అమర్చుకోవాలి. ఈ ఏర్పాటుకు ఇంజనీర్లు పెట్టిన పేరు ఐలాండింగ్. అంటే లంక కావడమే! ఎక్కడో ప్రయోగశాలలో పుట్టిన మాట మన లంక గడపలోకే వచ్చి పడింది.

బ్యాటరీ ఎంత ఉన్నా పొదుపు లేకపోతే రెండు గంటలే. పాత ఫ్యాను 75 వాట్లు తాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల లోపే. పది పాత ఫ్యాన్లు పది గంటలు తిరిగితే ఏడున్నర యూనిట్లు, కొత్తవైతే మూడు. ఆ మిగిలిన నాలుగున్నర యూనిట్లలో రాత్రంతా ఆక్సిజన్ కాన్సంట్రేటర్ నడుస్తుంది. భూమి మీద పొగ తగ్గించడం, తుపాను రాత్రి ఒక ప్రాణం నిలపడం వేరువేరు లెక్కలని అనుకుంటాం. ఈ ఫ్యాను దగ్గర అవి ఒకటే లెక్క. ఛత్తీస్‌గఢ్‌లో వందల ఆరోగ్య కేంద్రాలకు సోలార్ అమర్చాక 2017లో ఒక అధ్యయనం జరిగింది. కరెంటు సరిగా లేని కేంద్రాలతో పోలిస్తే సోలార్ ఉన్నచోట కాన్పులు ఇంచుమించు రెట్టింపు. దీపం ఉంటేనే గర్భిణి గుమ్మం తొక్కుతుంది మరి.

జనరేటర్ అక్కర్లేదా అంటే, కావాలి. తుపాను మబ్బులో సోలార్ దాదాపు సున్నా. అయితే జనరేటర్ ఎక్కడ పెట్టామన్నదే అసలు సంగతి. 2012 అక్టోబర్‌లో శాండీ తుపాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు బెల్‌వ్యూ ఆస్పత్రి జనరేటర్లు పదమూడో అంతస్తులో క్షేమంగా ఉన్నాయి. డీజిలును పైకి తోడే పంపులు మాత్రం సెల్లార్‌లో మునిగిపోయాయి. సిబ్బంది, సైనికులు మెట్ల మీద బారులు తీరి చేతుల మీదుగా డీజిలు పైకి మోశారు. అంత సంపన్న నగరంలో! మన దగ్గర జనరేటర్ సాధారణంగా ఆస్పత్రి వెనక, గచ్చు మీద, మోకాలెత్తులో ఉంటుంది. పాత ఊళ్లలో కొన్ని గోడల మీద ఫలానా ఏడు వరద ఇంతవరకు వచ్చిందని గీత చూపిస్తారు. 1986 నీరు ఎంతవరకు వచ్చిందో పెద్దవాళ్లను అడిగి, ఆ గీతకు పైన స్విచ్ బోర్డు, జనరేటర్, డీజిలు డ్రమ్ము, పంపు అన్నీ ఎక్కించాలి. ఒక్కటి కింద మిగిలినా బెల్‌వ్యూ కథే.

కరెంటును బ్యాటరీలోనే దాచాలని లేదు, మంచులోనూ దాచవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాలు పెట్టే పెట్టె మామూలు ఫ్రిజ్ కాదు. దాని గోడల చుట్టూ మంచు పొర ఉంటుంది. సిబ్బంది దాన్ని ఐ.ఎల్.ఆర్. అంటారు. కిలో మంచు కరగడానికి 80 కిలోకాలరీల వేడి కావాలి. ఆ వేడి లోపలికి దూరేలోగా గంటలు గడిచిపోతాయి. కరెంటు పోయినా 43 డిగ్రీల వేడిలో కనీసం 20 గంటలు చల్లదనం నిలవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. నేరుగా సోలార్‌తో నడిచే రకాలైతే సూర్యుడు మొహం చూపకపోయినా మూడు రోజులు ఆగాలి. మూత తెరవకుండా ఉంటేనే సుమా. కరెంటు పోయిందన్న కంగారులో టీకా సీసాలను తీసి గడ్డకట్టిన ఐస్‌కు ఆనించి పెట్టే పొరపాటు జరుగుతుంటుంది. పెంటావాలెంట్, హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేడికన్నా గడ్డకట్టడానికే త్వరగా చచ్చిపోతాయి. ఐస్ ప్యాకును బయట పెట్టి, అది చెమట పట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చాకే వాడాలి. వేడి తగిలిందో లేదో సీసా మీది గుర్తు చెబుతుంది. వలయం లోపలి చదరం వలయంకన్నా లేతగా ఉన్నంతసేపు టీకా మంచిదే. చదరం వలయంతో సమానంగా నల్లబడితే పారేయాల్సిందే.

ఫ్రిజ్ అవసరమే లేని మందు ఉంటే ఇంకా మేలు. అది పాముకాటుకు ఉంది. వరద వస్తే మనిషీ పామూ ఒకే గట్టుకు చేరతారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే విరుగుడు మన దేశంలో ద్రవంగానూ పొడిగానూ దొరుకుతుంది. ద్రవానికి 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. పొడిని చల్లని, వెలుతురు తగలని బీరువాలో పెట్టుకుంటే చాలు. వడియాలు ఎండలో పెడతాం. ఈ మందును చలిలో ఎండబెడతారు. గడ్డకట్టించి, చుట్టూ గాలి తోడేస్తే మంచు నీరు కాకుండానే ఆవిరై పోతుంది, మందు పొడిగా మిగులుతుంది. లంకలకు దగ్గరగా ఉన్న ప్రతి కేంద్రంలో జూన్ నుంచి డిసెంబర్ దాకా పొడి సీసాలే ఎక్కువ ఉంచుకోవడానికి పెద్ద ప్రణాళిక ఏదీ అక్కర్లేదు, ఇండెంటులో ఒక మాట మారిస్తే చాలు.

ఇక నీళ్లు. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క ఉండదు. ఉప్పెన వచ్చిన చోట బోరు ఉప్పగిల్లుతుంది, వరద వచ్చిన చోట సెప్టిక్ ట్యాంకు పొంగి బావిలో కలుస్తుంది. వెనకటి ఆడవాళ్లు ఎర్రటి గోదావరి నీళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపేవారు. గింజలోని పదార్థం మట్టి కణాలను ఒకదానికొకటి అతికించి బరువెక్కించి అడుక్కి దించేస్తుంది. పటిక చేసేదీ అదే పని. నీరు తేరాకనే బ్లీచింగ్ వేయాలి. బురద నీటిలో వేస్తే క్లోరిన్‌ను మట్టే మింగేస్తుంది, క్రిములు మిగిలిపోతాయి. వెయ్యి లీటర్ల తేట నీటికి మంచి బ్లీచింగ్ పౌడరు సుమారు రెండున్నర గ్రాములు, గంట ఆగాక లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగలాలి. అన్నిటికన్నా తేలిక దారి మన నెత్తిమీదే ఉంది. వంద చదరపు మీటర్ల కప్పు మీద పది సెంటీమీటర్ల వాన పడితే పదివేల లీటర్లు. తుపాను రోజున అంత వాన పడటం వింతేమీ కాదు. మొదటి జల్లును వదిలేసి, తర్వాతి నీటిని ఎత్తుమీది ట్యాంకులోకి మళ్లించే గొట్టం ఒక్కటే కావాలి.

భవనం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే జవాబు మన మండువా లోగిళ్లలో ఎప్పటినుంచో ఉంది. ఎత్తు అరుగు, నడిమధ్య ఆకాశం, ఎదురెదురు కిటికీలు. 2007లో పెరూ దేశపు లిమా నగర ఆస్పత్రుల మీద వచ్చిన పరిశోధన ఒక ముచ్చట బయటపెట్టింది. ఎత్తు కప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాతకాలపు వార్డుల్లో, కిటికీలు తెరిస్తే చాలు, యంత్రాలతో గాలి ఆడించే కొత్త గదులకన్నా ఎక్కువ గాలి మారుతుందట. క్షయ అంటుకునే ప్రమాదం ఆ మేరకు తక్కువ. అయినా మనం అద్దాల ముఖద్వారం, ఏసీ గది కట్టి దాన్నే ఆధునికం అంటున్నాం. ఒక్క విషయంలో మాత్రం పాతది పనికిరాదు. బంగాళా పెంకుల్ని 1996 గాలి ఎండుటాకుల్లా ఎగరేసింది. కప్పు కాంక్రీటుదై ఉండాలి, దానిమీద ఏటా వేసవికి ముందు తెల్ల సున్నం పడాలి.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాతావరణ మార్పుకు తట్టుకునే ఆస్పత్రులకు మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు నీరు, వ్యర్థాలు, విద్యుత్తు, భవనాలతో పాటు సిబ్బందిని కూడా చేర్చింది. ఇక పొగ సంగతి చూస్తే, ప్రపంచం వదిలే కర్బన వాయువుల్లో వైద్యరంగం వాటా 4.4 శాతమని 2019లో లెక్కగట్టారు. అందులో మన రాజోలు, కొత్తపేట ఆస్పత్రుల వంతు ఆవగింజంత కూడా ఉండదు. సిజేరియన్లు ఎక్కువగా వెన్నుకు ఇచ్చే మత్తుతోనే చేస్తారు కాబట్టి, భూమిని వేడెక్కించే మత్తు వాయువులూ ఇక్కడ తక్కువే. పొగ పాపం మనది కాకపోయినా ముంపు మాత్రం మనకే ముందు.

మళ్లీ పసుపు సంచీ దగ్గరకు వద్దాం. ఆస్పత్రి చెత్తలో నిజంగా ప్రమాదకరమైనది 15 శాతమే, మిగతా 85 శాతం ఇంటి చెత్త లాంటిదే. రెండూ కలిపేస్తే మొత్తం నూరు శాతం లారీ కోసం ఎదురుచూడాలి. వేరు చేస్తే ఎదురుచూసేది ఒక్క మూల పట్టే కొద్ది సంచీలే. వాటికి వరద గీతకు పైన ఒక తాళం గది, సూదులకు గుచ్చుకోని డబ్బా ఉంటే చాలు. 48 గంటలు దాటక తప్పనప్పుడు ఎవరికీ హాని కలగకుండా జాగ్రత్త పడి, కారణం రాసి అధికారికి తెలియజేయాలని నిబంధనల్లోనే ఉంది.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అంతకు ముందే నెలలు నిండిన గర్భిణులను ఊళ్లనుంచి ఆస్పత్రులకు చేర్చారు. ఆ పని ఏ యంత్రమూ చేయలేదు, ఏఎన్‌ఎం దగ్గరి కాన్పు తేదీల పుస్తకం చేసింది. ధవళేశ్వరం గేజి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక రాగానే ఆ పుస్తకం తెరిచి రాబోయే పదిహేను రోజుల్లో తేదీ ఉన్న పేర్లన్నిటికీ ఎర్ర సున్నా చుట్టాలి. లంకలో ఉన్న ప్రతి పేరు పక్కన పడవ ఎవరిదో, రేవు ఏదో, పడవవాడి ఫోను నంబరు ఎంతో రాసి ఉండాలి.