పాత జట్టు, కొత్త బెంచీ

జూన్ నెల వచ్చింది. బడులు తెరిచారు. ఐదో తరగతి పూర్తిచేసిన మీరు హైస్కూలులో అడుగుపెట్టారు. నిన్నటిదాకా మీది ఊళ్లోని చిన్న బడి. అందరూ తెలిసినవాళ్లే. ఇక్కడ నాలుగు ఊళ్ల పిల్లలు చేరారు. మీకు 'ఏ' సెక్షన్ వచ్చింది. ఐదేళ్లూ మీ పక్కనే కూర్చున్న నేస్తానికి 'బి' సెక్షన్ వచ్చింది.

మొదటి వారం గంట కొట్టగానే ఒకరికోసం ఒకరు పరుగెత్తారు. నెల తిరిగేసరికి మీ నేస్తం కొత్తవాళ్లతో ఆటలో మునిగిపోయింది. మిమ్మల్ని చూసి చెయ్యి ఊపి మళ్లీ ఆటలో పడింది. మీ గొంతులో ఏదో అడ్డుపడినట్లయింది. "ఇక నాతో జట్టు లేదు కాబోలు!" అనుకున్నారు.

నిజంగా మారింది నేస్తమా? కూర్చునే చోటా?

ఈ బాధ ఎందుకు?

2003లో అమెరికాలోని లాస్ ఏంజెలస్‌లో శాస్త్రజ్ఞులు కొందరిచేత కంప్యూటర్ తెరమీద బంతి విసురుకునే ఆట ఆడించారు. కాసేపటికి వారికి బంతి రాకుండా చేశారు. అప్పుడు వారి మెదడును స్కానింగ్ యంత్రంతో పరిశీలించారు. శరీరానికి నొప్పి కలిగినప్పుడు చురుకుగా పనిచేసే ఒక భాగం అప్పుడు కూడా చురుకైంది. మోకాలికి తగిలిన దెబ్బ, మనసుకు తగిలిన దెబ్బ ఒకటేనని దీని అర్థం కాదు. కాని ఆటలో చేర్చుకోకపోతే బాధపడటం సహజమే. అందుకు సిగ్గుపడనక్కరలేదు.

స్నేహం ఎక్కడ మొలుస్తుంది?

గుణం చూసి స్నేహం చేస్తామని అనుకుంటాం. అది కొంతవరకే నిజం. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివే విద్యార్థుల కుటుంబాలకోసం కొన్ని రెండంతస్తుల భవనాలు ఉండేవి. అంతస్తుకు ఐదు ఇళ్లు. లియోన్ ఫెస్టింగర్, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు అక్కడివారిని "మీకు స్నేహితులు ఎవరు?" అని అడిగారు. ఫలితాలను 1950లో ప్రచురించారు.

ఒకే అంతస్తులో పక్కింటివారిని స్నేహితులుగా ఎంచుకోవడం నూటికి 41 వంతులు. ఒక ఇల్లు అవతల ఉంటే 22 వంతులు. వరండా రెండు కొసల్లో ఉంటే 10 వంతులే! కింది అంతస్తులో మెట్ల పక్కన ఉన్నవారికి పై అంతస్తులో స్నేహితులు ఎక్కువ. ఎందుకంటే పైవారు వస్తూ పోతూ వారికి ఎదురుపడతారు.

ఇప్పుడు మీ బడిని తలుచుకోండి. మీ రెండు గదుల మధ్య ఉన్నది ఒక గోడే. అయినా మీ నేస్తానికి రోజంతా ఎదురుపడేది పక్క బెంచీవాళ్లు. వారితో స్నేహం కుదిరితే అది మీమీద కోపం కాదు.

ఎన్ని గంటలు కావాలి?

"మరి నాకెవరూ కుదరలేదే?" అంటారా? కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ 2018లో దీన్ని లెక్కగట్టారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, మంచి స్నేహం కావడానికి 90 గంటలు, ప్రాణస్నేహానికి 200 గంటలకు పైగా పట్టింది. కలిసి పనిచేసినంత మాత్రాన, ఒకే తరగతిలో కూర్చున్నంత మాత్రాన పెద్దగా లాభం లేకపోయింది. ఆటలు, కబుర్లే స్నేహాన్ని పెంచాయి. ఇది పెద్దవారిమీద జరిగిన పరిశోధన. పిల్లలకు అంకెలు వేరుగా ఉండవచ్చు.

ఆటకు, భోజనానికి కలిపి రోజుకు గంట అనుకోండి. 50 గంటలకు 50 పనిదినాలు. జూన్‌లో మొదలుపెడితే ఆగస్టు వచ్చేస్తుంది. 200 గంటలంటే దాదాపు పరీక్షలదాకా! పదిరోజులకే "నాకు స్నేహితులు లేరు" అనుకోవడం, విత్తిన మర్నాడే మట్టి తవ్వి చూడటం వంటిది.

మరో సంగతి. కొత్తవారితో మాట్లాడాక, "నేను వారికి నచ్చలేదేమో" అని మనకు అనిపిస్తుంది. నిజానికి మనం అనుకున్నదానికన్నా ఎక్కువగానే వారికి నచ్చి ఉంటాం. 2018లో పెద్దవారిలోను, 2021లో ఐదేళ్లు దాటిన పిల్లలలోను ఈ పొరపాటును గమనించారు. మీ పక్కన మాట్లాడకుండా కూర్చున్న పిల్ల కూడా ఇలాగే జంకుతూ ఉండవచ్చు. మీరే ముందు పలకరించండి.

పాత నేస్తానికి కటీఫ్ చెప్పకండి. మీ ఇద్దరి ఖాతాలో ఐదేళ్ల గంటలు జమ అయి ఉన్నాయి. "ఆదివారం ఆడుకుందామా?" అని అడగండి. కొన్ని స్నేహాలు పలచబడతాయి. అది ఎవరి తప్పూ కాదు. కాని ఎవరైనా కావాలని వెలివేస్తుంటే, ఏడిపిస్తుంటే మాత్రం అమ్మకో, నాన్నకో, టీచరుకో చెప్పండి.

మీరే చేసి చూడండి

నోటుపుస్తకంలో మీ తరగతి పటం గీయండి. బెంచీలను గళ్లుగా చూపండి. ఈ వారం మీరు ఎక్కువగా మాట్లాడినవారి గళ్లలో చుక్కలు పెట్టండి. దసరా సెలవులకు ముందు మరో పటం గీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. చుక్కలు మీ బెంచీ చుట్టూనే ఉన్నాయా? దూరంగా ఎక్కడైనా ఒకటి పడిందా? పడితే, అక్కడిదాకా నడిచివెళ్లింది ఎవరు?